సాయుధ

సాయుధ అనేది విశేషణం. ఆయుధంతో కూడిన, ఆయుధం పట్టిన అని అర్థం. దీనికి ఎదురు మాట నిరాయుధ. ఇంగ్లీషు ‘ఆర్మ్‌డ్’కు తెలుగు పత్రికల్లో, చట్టాల అనువాదాల్లో, పాఠ్యపుస్తకాల్లో కుదురుకున్న మాట ఇదే. ఇది ఒంటరిగా రావడం తక్కువ. పోరాటం, దళం, బలగం, తిరుగుబాటు, ముఠా లాంటి నామవాచకం ఒకటి వెంట ఉండాల్సిందే. మాటలో మెచ్చుకోలు ఉందా, భయం ఉందా, లేక అదొక సర్కారీ శాఖ పేరు మాత్రమేనా అన్నది ఆ నామవాచకాన్ని బట్టే తేలుతుంది.

ఈ విశేషణానికి ఒక గుణం ఉంది. ఆయుధం ఉండటం మామూలే అనుకునే చోట దీని అవసరం రాదు. కాకతీయ సేనను ఎవరూ ‘సాయుధ సేన’ అనరు, సేన అంటే చాలు. రైతు, కూలీ, విద్యార్థి, ఊరి జనం చేతిలోకి ఆయుధం వచ్చినప్పుడు ఈ మాట ముందుకొస్తుంది. లాఠీతో సరిపెట్టుకునే పోలీసుకు తుపాకీ ఇచ్చినప్పుడూ వస్తుంది. ఈ వాడుకలన్నీ ఒక్కచోట చూడాలంటే ఉమ్మడి వరంగల్ జిల్లాను మించిన చోటు లేదు. కోట, రైతాంగ పోరాటం, నక్సలైటు ఉద్యమం, మామునూరు పోలీసు బెటాలియన్, మేడారం జాతర అన్నీ ఇక్కడివే.

మాట పుట్టుక

ఆయుధం అన్న మాట పోరాడటం అనే అర్థమున్న ‘యుధ్’ ధాతువు నుంచి వచ్చింది. చేతిలో పట్టి కొట్టేది శస్త్రం, విసిరేది లేదా వదిలేది అస్త్రం అని పాతకాలం విభజన. అగ్నిపురాణంలోని ధనుర్వేద భాగం ఆయుధాలను యంత్రంతో వదిలేవి, చేత్తో విసిరేవి, చేయి విడవనివి అంటూ వరుసపెట్టి, ఏ ఆయుధమూ లేని బాహుయుద్ధాన్ని కూడా ఆ జాబితాలోనే చేర్చింది. ఆ లెక్కన వట్టి చేతులూ ఆయుధాలే. తెలుగు మాటల్లో ఆయుధానికి కైదువు అని పేరు. అడిదం, ఈటె, బల్లెం, బాకు, కటారి, విల్లు, అమ్ము కావ్యాల్లో విరివిగా కనిపిస్తాయి. కైదువు ఇప్పుడు నిఘంటువులకూ పద్యాలకూ పరిమితమైంది. ‘కైదువు పట్టిన’ అని ఏ పత్రికా రాయదు.

ఇంగ్లీషు మాటకు ఉన్న కొన్ని పనులు తెలుగు మాటకు అంటలేదు. బాంబు పేలడానికి సిద్ధమైన స్థితిని ఇంగ్లీషులో ‘ఆర్మ్‌డ్’ అంటారు, సాయుధ బాంబు అని మనం అనం. వాదనకు లెక్కలు, రుజువులు వెంట తెచ్చుకున్నవాడికీ ఇంగ్లీషు అదే విశేషణం తగిలిస్తుంది. మనకు ‘పక్కా ఆధారాలతో వచ్చాడు’ అంటే సరిపోతుంది, కాస్త రంగు వేయాలంటే ‘అస్త్రశస్త్రాలతో దిగాడు’ అంటాం. దేశాల విషయంలో మాత్రం ‘సాయుధ తటస్థత’ వంటి ప్రయోగాలు చరిత్ర పుస్తకాల్లో నిలిచాయి. ఎవరి పక్షమూ చేరకుండా ఆయుధాలు సిద్ధంగా ఉంచుకోవడమని దాని భావం.

కోట

ఓరుగల్లు (వరంగల్) కోటను కాకతీయ రాజు గణపతిదేవుడు (1199–1262) మొదలుపెట్టగా ఆయన కూతురు రుద్రమదేవి పూర్తి చేయించింది. లోపల రాతి గోడ, బయట మట్టి గోడ. రాతి గోడ ద్వారాలు నేరుగా లోపలికి తీసుకుపోవు. దర్వాజా దాటగానే అడ్డంగా గోడ వస్తుంది, పక్కకు తిరిగితే మరో దర్వాజా. ఏనుగు గానీ గుర్రపు దండు గానీ వేగం అందుకోకుండా చేసే ఏర్పాటు ఇది. ఈనాడు ఆటోలు, బైకులు కూడా ఆ మలుపులో నిదానించక తప్పదు.

1310లో ఈ కోటను చుట్టుముట్టిన ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫుర్ దండయాత్రను అమీర్ ఖుస్రో ‘ఖజాయిన్ ఉల్ ఫుతూహ్’లో వర్ణించాడు. రాళ్లు విసిరే యంత్రాలు, నిచ్చెనలు, కందకం పూడ్చడం అన్నీ అందులో ఉన్నాయి. రాతి గోడ కన్నా బయటి మట్టి గోడ గట్టిదనం ఆయనను ఎక్కువ ఆశ్చర్యపరిచినట్టుంది. 1323లో ఢిల్లీ సేనతో వచ్చిన ఉలుగ్ ఖాన్ చేతిలో కోట పడిపోయింది, కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు.

కాకతీయుల బలానికి ఆధారం నాయంకర పద్ధతి. నాయకుడికి ఊళ్లు ఇస్తారు, వాటి రాబడితో అతను ఇంత కాల్బలాన్ని, ఇన్ని గుర్రాలను సిద్ధంగా ఉంచి రాజు పిలిచినప్పుడు తేవాలి. రాజును అంటిపెట్టుకుని ప్రాణాలకు తెగించే లెంకలు వేరే ఉండేవారు. గణపతిదేవుని గజసాహిణి, అంటే ఏనుగుల దండు అధిపతి, జాయప సేనాని. నాట్యశాస్త్రంలో ప్రసిద్ధమైన ‘నృత్తరత్నావళి’ రాసింది ఆయనే. ఇరవయ్యో శతాబ్దంలో నటరాజ రామకృష్ణ మళ్లీ వెలుగులోకి తెచ్చిన పేరిణి నృత్యానికి ఆ గ్రంథం ఒక ఆధారం. రణరంగానికి పోయే వీరుల ఆటగా పేరిణికి పేరు. ఇక రుద్రమదేవి. ఆమె, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు మరణించిన సంగతి నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం (1289) వల్ల తెలిసింది. రాణి వృద్ధాప్యంలోనూ యుద్ధభూమిలోనే ఉన్నదని చరిత్రకారులు దీన్నిబట్టే అంటారు.

గుతుపల సంఘం

‘తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం’ అన్న పేరులోనే తెలుగువారిలో ఎక్కువమందికి ఈ విశేషణం పరిచయం. పుస్తకాల్లో దీని కాలం 1946–51 అని ఉంటుంది. పోరాటం మొదటి రోజు నుంచే సాయుధం కాలేదు, అది సాయుధంగా మారే లోపు జరిగినదే ఈ మాటకు అసలైన అర్థం.

జనగామ తాలూకా అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఉండేది, తరవాత వరంగల్‌లో కలిసింది. అక్కడ విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి జులుం. వెట్టి, నాగులు (ధాన్యం అప్పుల మీద వడ్డీ), భూముల గుంజుడు రోజువారీ సంగతులు. నిజాం పాలనలోని తెలుగువారి సంస్థ ఆంధ్ర మహాసభ ఊళ్లలోకి వచ్చాక జనం దాన్ని ‘సంగం’ అనే పిలిచారు. సంఘం మనుషులు చేతిలో గుతుప పట్టుకుని తిరిగేవారు. గుతుప అంటే దుడ్డుకర్ర. అందుకే ‘గుతుపల సంఘం’ అన్న పేరూ పడింది. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ కౌలు పొలంలోని పంటను ఎత్తుకుపోవడానికి దొర మనుషులు వస్తే సంఘం కార్యకర్తలు కర్రలతోనే తరిమికొట్టారు. పంట ఐలమ్మ ఇంటికి చేరింది. అంతవరకు దొర గడీ ముందు చెప్పులు విడిచి నడిచిన జనానికి కర్ర ఎత్తడమే పెద్ద తెగింపు.

1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు తీసిన జనంపై దేశముఖు మనుషులు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య అక్కడికక్కడే చనిపోయాడు. ఊరేగింపులో ఉన్నవాళ్ల దగ్గర ఉన్నవి కర్రలు, వడిసెలలు. కొమరయ్య చావు కబురు ఊరూరా పాకింది. జనం గుంపులు గుంపులుగా కదిలారు, మరుసటి వారాల్లో సంఘం లేని ఊరు ఆ చుట్టుపక్కల అరుదైంది. నిజాం పోలీసులు వచ్చే దారుల్లో ఆడవాళ్లు కారప్పొడి, రోకళ్లు పట్టుకుని నిలబడిన ఘటనలు ఆ పోరాటంలో పాల్గొన్నవారి జ్ఞాపకాల్లో పదేపదే వస్తాయి. వడిసెల రాయి చేలో పిట్టలను తోలడానికి. అది పోలీసు నెత్తిన పడే రోజు వస్తుందని దాన్ని అల్లినవాళ్లు అనుకుని ఉండరు.

1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా హైదరాబాదు సంస్థానం కలవలేదు. సెప్టెంబరు 2న పరకాలలో జాతీయ జెండా ఎగరేయడానికి వచ్చిన జనంపై నిజాం బలగాలు కాల్పులు జరిపాయి, 22 మంది మరణించారు. వాళ్ల గుర్తుగా కట్టిన అమరధామం ఇప్పుడు పరకాలలో ఉంది. సెప్టెంబరు 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ పేర్లతో సాయుధ పోరాటానికి పిలుపు వెలువడింది. పోరాటం పేరులో ఈ విశేషణం అధికారికంగా చేరింది అప్పుడు. గుతుప, వడిసెల స్థానంలోకి తుపాకీ వచ్చింది. దేశముఖుల ఇళ్లలో, పోలీసు నాకాల్లో దొరికినవి కొన్ని, ఎక్కువ భాగం మందు కూరి పేల్చే భర్మార్లు. ఒకసారి పేలితే మళ్లీ మందు, గుళ్లు కూరి గజంతో దట్టించే వరకు అది వట్టి ఇనప గొట్టమే.

భర్మార్ ఎంతవరకు పనికొచ్చిందో భైరాన్‌పల్లి చెబుతుంది. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న ఈ ఊరు అప్పటి జనగామ ప్రాంతానిది. ఊరి నడుమ ఎత్తయిన బురుజు. దాని మీద కాపలా, నగారా, భర్మార్ తుపాకులు, మందు. నిజాంకు అండగా నిలిచిన రజాకార్లు కనిపిస్తే నగారా మోగేది, జనం బురుజు చుట్టూ చేరేవారు. ఇలా ఒకటికి రెండుసార్లు దాడిని తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లతో పాటు నిజాం పోలీసులు, సైనికులు కూడా వచ్చారు, ఫిరంగి తెచ్చారు. బురుజు మీది మందు అంటుకుంది. తరవాత ఊళ్లో పట్టుబడ్డ మగవాళ్లను వరుసగా నిలబెట్టి కాల్చారు. చనిపోయినవారి సంఖ్య ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది. బురుజు ఇప్పటికీ నిలిచి ఉంది.

భైరాన్‌పల్లి జరిగిన మూడు వారాల లోపలే, సెప్టెంబరు 13 నుంచి 17 వరకు భారత సైన్యం ‘ఆపరేషన్ పోలో’ నడిపింది, నిజాం లొంగిపోయాడు. దానితో ‘సాయుధ’కు చిక్కు వచ్చిపడింది. అప్పటిదాకా ఆయుధం నిజాం మీదికి, రజాకార్ల మీదికి. ఇప్పుడు ఎదురుగా ఉన్నది స్వతంత్ర దేశపు సైన్యం. ఆయుధాలు దించాలా వద్దా అన్న విషయంలో కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలినంత పని అయింది. రావి నారాయణరెడ్డి ఆపేయాలన్న పక్షాన నిలిచాడు. దళాలు ములుగు, మానుకోట వైపు అడవుల్లోకి, గోదావరి తీరానికి జరిగాయి. వాటికి తిండి అందకుండా కోయ గూడేలను ఖాళీ చేయించి క్యాంపులకు తరలించారు. 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమిస్తున్నట్టు పార్టీ ప్రకటించింది. మరుసటి ఏడు జరిగిన తొలి సాధారణ ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి దేశంలోనే అత్యధిక ఓట్లతో గెలిచాడు. నా లెక్కలో ఆ పోరాటాన్ని ‘రైతాంగ పోరాటం’ అన్నా, ‘సాయుధ పోరాటం’ అన్నా సగమే చెప్పినట్టు. రెండు మాటలూ కలిసి ఉన్న పేరే దానికి తగిన పేరు.

దళం

రెండో దఫా సాయుధ రాజకీయం వరంగల్ పట్టణంలో, ముఖ్యంగా కాలేజీల్లో మొలకెత్తింది. కాజీపేట ఫాతిమానగర్ సెయింట్ గాబ్రియల్ పాఠశాలలో హిందీ పంతులుగా పనిచేసిన కొండపల్లి సీతారామయ్య 1980 ఏప్రిల్ 22న నక్సలైటు పార్టీ అయిన పీపుల్స్‌వార్‌ను నెలకొల్పాడు. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ, కాకతీయ విశ్వవిద్యాలయం ఆ రోజుల్లో ర్యాడికల్ విద్యార్థి సంఘానికి గట్టి పట్టున్న చోట్లు. 2004లో ఈ పార్టీయే మరో సంస్థతో కలిసి మావోయిస్టు పార్టీ అయింది.

జనం నోట ‘సాయుధ దళం’ అన్న మాట రాదు. ఊళ్లలో వాళ్లు అన్నలు, దళపోళ్లు. భయపడ్డా, గౌరవించినా అన్నలే. పోలీసు ప్రకటనల్లో వాళ్లు ‘సాయుధ తీవ్రవాదులు’. ఎదురుకాల్పుల ప్రకటన చివర దొరికిన సామాను జాబితా విధిగా ఉండేది: ఒక తపంచా, ఒక ఎస్‌బీబీఎల్ తుపాకీ, కిట్ బ్యాగులు, విప్లవ సాహిత్యం. చనిపోయినవాడు సాయుధుడే అని చెప్పాల్సిన బరువంతా ఆ జాబితా మీద పడేది. పౌరహక్కుల సంఘాలు ప్రశ్నించిందీ ముందుగా ఆ జాబితానే.

నిరాయుధ అన్న మాటకు వరంగల్‌లో ఒక పేరుంది. డాక్టర్ రామనాథం పిల్లల వైద్యుడు, ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడు. కాజీపేటలో ఒక ఎస్సై హత్య జరిగిన మరునాడు, 1985 సెప్టెంబరు 3న, హనుమకొండలో తన క్లినిక్‌లో ఉండగానే ఆయనను కాల్చి చంపారు. ఎస్సై శవయాత్రలో వచ్చిన పోలీసులే ఈ పని చేశారని పౌరహక్కుల సంఘాలు అప్పటినుంచీ చెబుతూ వచ్చాయి. ఆ రోజుల్లో కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన కె. బాలగోపాల్ ఆ తరవాతి కాలంలో పోలీసుల తుపాకీతో పాటు దళాల తుపాకీనీ ప్రశ్నించాడు.

2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ చర్చలు జరిగాయి. భూమి, ప్రజాస్వామిక హక్కులు, ఇంకా చాలా అంశాలు బల్ల మీదికి వచ్చాయి. ముడి పడ్డది ఆయుధం దగ్గరే. దళాలు ఊళ్లలోకి ఆయుధాలతో రాకూడదని ప్రభుత్వం పట్టుబట్టింది, ఆయుధం వదిలి తిరగబోమని నక్సలైట్లు అన్నారు. 2005 ఆరంభంలో చర్చల దారి మూసుకుపోయింది, ఆగస్టులో మావోయిస్టు పార్టీపై నిషేధం తిరిగి వచ్చింది.

ఏఆర్, బెటాలియన్

పోలీసు శాఖలో ఇదే విశేషణం చల్లబడి ఉద్యోగం పేరైంది. ఠాణాలో కేసులు రాసేది సివిల్ పోలీసు. ఖైదీలను కోర్టుకు తీసుకుపోవడం, బందోబస్తు, ఖజానా కాపలా, పెద్దల గన్‌మ్యాన్ కొలువు ఆర్మ్‌డ్ రిజర్వ్ పని. తెలుగు పత్రికలు ‘సాయుధ రిజర్వు’ అని రాస్తాయి, పోలీసులు ‘ఏఆర్’ అంటే చాలు. జిల్లాకు చెందకుండా రాష్ట్రమంతా తిరిగే బెటాలియన్లు వేరు. తెలంగాణ స్పెషల్ పోలీసు నాలుగో బెటాలియన్ వరంగల్ శివారు మామునూరులో ఉంది, పోలీసు శిక్షణ కళాశాల కూడా అక్కడే. చాలాకాలం ఈ విభాగాల చేతిలో ఉన్నది త్రీ నాట్ త్రీ రైఫిల్. తరవాత ఎస్‌ఎల్‌ఆర్, ఇన్సాస్, ఏకే-47 వచ్చాయి. దసరా రోజు ఆయుధాగారంలో రైఫిళ్లకు పసుపు కుంకుమలు పెట్టి ఆయుధ పూజ చేస్తారు. అదే రోజు ఊళ్లో మెకానిక్ తన పానాలకు, ఆటో డ్రైవర్ తన బండికి పూజ చేస్తాడు. ఆ పూజలో మాత్రం పనిముట్టుకూ ఆయుధానికీ తేడా లేదు.

మేడారంలో పోలీసు తుపాకీకి ఇంకో పని ఉంది. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ జరిగే జాతరలో కోయ పూజారులు చిలకలగుట్ట నుంచి సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో తీసుకొస్తారు. అమ్మ గుట్ట దిగుతుండగా పోలీసు ఉన్నతాధికారి గాల్లోకి కాల్పులు జరిపి స్వాగతం పలుకుతాడు. కాకతీయ సేనతో పోరాడి అదృశ్యమైందని కోయలు చెప్పుకునే తల్లికి ఈనాటి రాజ్యం తుపాకీతో వందనం చేయడం ఈ జిల్లాలోనే చూడగలం.

చట్టంలో

రాజ్యాంగం 19వ అధికరణ శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు ఇస్తుంది. సిక్కుల కృపాణాన్ని 25వ అధికరణ వారి మతాచారంలో భాగంగా గుర్తిస్తుంది. 352వ అధికరణ కింద అత్యవసర పరిస్థితి విధించడానికి మొదట ‘అంతర్గత కల్లోలం’ ఒక కారణంగా ఉండేది. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ దాని మీదే వచ్చింది. 1978లో 44వ సవరణ ఆ మాట తీసేసి ‘సాయుధ తిరుగుబాటు’ అని పెట్టింది. కల్లోలం అంటే ఏదైనా కావచ్చు, తిరుగుబాటుకు ఆయుధం తోడైతే తప్ప ఇక దేశం లోపలి కారణంతో ఆ అధికారం వాడలేరు. దేశ ప్రజల స్వేచ్ఛకు ఒక విశేషణం ఇంత కాపలా కాసిన సందర్భం మరొకటి నాకు కనిపించలేదు.

నేరచట్టంలో ప్రమాణం వేరు. ఐదుగురు లేదా అంతకు మించి చట్టవిరుద్ధంగా గుమికూడి, అందులో ఒకడి చేతిలో మారణాయుధం ఉంటే వాడికి శిక్ష పెరుగుతుంది. మారణాయుధం తుపాకీయే కానక్కర్లేదు, ప్రాణం తీయడానికి పనికొచ్చేది ఏదైనా అవుతుంది. మారణాయుధంతో దొమ్మీకి దిగితే పాత శిక్షాస్మృతిలో మూడేళ్ల వరకు జైలు ఉండగా, 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత దాన్ని ఐదేళ్లకు పెంచింది.

ఆయుధాలు ఉంచుకోవడం 1959 నాటి ఆయుధాల చట్టం పరిధిలోకి వస్తుంది. తుపాకీకి లైసెన్సు తప్పనిసరి. కత్తుల విషయంలో తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు లేదా రెండు అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న అలుగును నిబంధనలు లెక్కలోకి తీసుకుంటాయి గానీ ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు వాడే పనిముట్లను విడిచిపెడతాయి. గౌడు నడుముకు కట్టుకునే గీత కత్తి, రైతు కొడవలి, గొడ్డలి ఆ మినహాయింపులోకి వస్తాయి.

వరంగల్ పోలీసు కమిషనరేట్ పరిధిలో లైసెన్సుల అధికారం కమిషనర్‌ది. ఎన్నికల షెడ్యూలు వెలువడగానే లైసెన్సు తుపాకులున్న వారు వాటిని ఠాణాలో అప్పగించి రసీదు తీసుకోవాలి. బ్యాంకుల కాపలాదారులకు మినహాయింపు ఉంటుంది. మిగిలినవాళ్లకు ఫలితాలు వెలువడిన వారం తరవాత తుపాకీ తిరిగి చేతికి వస్తుంది.